పైడమ్మ పొలిమేర

2018 జనవరి. ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో మందుల షాపు మీది గది అప్పుడూ ఇప్పుడూ నా ఛాంబరు. పగలంతా నది అవతల మేదినీపూర్ జిల్లా కోర్టులో ఉంటాను, సాయంత్రాలు ఇక్కడ కూర్చుంటాను. నేను సివిల్ వకీలుని. అంటే హత్యలూ దొంగతనాలూ కాదు, గోడలూ గట్లూ దారులూ కాలవలూ. వినేవాళ్ళకి చప్పగా ఉంటుంది. ఇరవై ఏళ్ళ పైన ఈ పని చేశాక నాకు తెలిసిందేమిటంటే, మనిషి గోడ దగ్గర పట్టినంత పంతం ఇంకెక్కడా పట్టడు.

నేను పుట్టి పెరిగింది ట్రాఫిక్ కాలనీలో. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఊళ్ళో తెలుగువాళ్ళకి కోర్టు పని పడితే ముందు పేరున్న బెంగాలీ వకీలు దగ్గరికి వెళ్తారు. అక్కడ వ్యవహారం చెడ్డాక "మన పిల్ల ఒకర్తి ఉంది కదా" అని నా దగ్గరికి వస్తారు. మొదట్లో దీనికి ఒళ్ళు మండేది. తర్వాత ఆ మంటా చల్లారింది. చెడిన కేసులోనే నేర్చుకునేది ఎక్కువ.

ఆ జనవరిలో ఒక సాయంత్రం వచ్చినామె పేరు లక్ష్మి. ముప్ఫై దాటి ఉంటాయి. రైల్వేలో ట్రాక్ మెయింటైనర్, అంటే పట్టాల బోల్టులు బిగించి, కింద కంకర సర్ది, లైను సరిగ్గా ఉందో లేదో నడిచి చూసుకునే పని. నారింజ రంగు జాకెట్టు మడిచి సంచిలో పెట్టుకుని డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. ఖరగ్‌పూర్ నుంచి పాసింజరు బండిలో వెళ్తే వచ్చే ఒక చిన్న స్టేషను వాళ్ళది. స్టేషను పక్కనే గేంగు బస్తీ. లైను వేసిన రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన గేంగుమన్‌ల వారసులే అక్కడ ఇప్పటికీ ఉన్నారు.

"మేడమ్, నాకు ఒక కాగితం కావాల," అంది కూర్చుంటూనే. "మా గేటే పొలిమేర అని జడ్జి సంతకంతో ఒక కాగితం. అది సూపిస్తే మా అత్త ఇంటాది. కోర్టు మాట అంటే ఆవిడికి దేవుడి మాటే."

"ఏ గేటు?"

"లెవెల్ క్రాసింగ్ గేటు. పొలిమేర అదే కదా, లైను అదే కదా. కమిటీ అంతా ఒప్పుకున్నారు. మా అత్త ఒక్కర్తే ఒప్పుకోదు. ఒప్పుకోక కళ్ళు పోగొట్టుకుంటన్నాది."

ఒక కాగితం కోసం వచ్చినవాళ్ళని నేను వెంటనే నమ్మను. మొదట్నించీ చెప్పమన్నాను. చెప్పింది.

ఆ బస్తీలో ఏటేటా ఎండలు ముదరకముందు అమ్మవారి పండగ చేస్తారు. ఖరగ్‌పూర్‌లో మనం మాతా పూజ అనేదే. చివరి రోజు అమ్మవారి ఘటాన్ని తలమీద పెట్టుకుని, డప్పులతో పొలిమేర దాకా తీసుకువెళ్ళి సాగనంపుతారు. ఆ ఘటం ఎత్తేది ఒకే ఇంటి కోడళ్ళు. ఎత్తినామె, అమ్మవారిని సాగనంపేదాకా దీక్షలో ఉంటుంది. ఒంటిపూట భోజనం, చాప మీద నిద్ర, పొలిమేర దాటి కాలు పెట్టకూడదు. మామూలుగా ఇది కొద్ది రోజుల పని. లక్ష్మి అత్త పైడమ్మకి మాత్రం రెండేళ్ళు దాటింది. అమ్మవారు వెళ్ళే దారికి అడ్డంగా హరేన్‌బాబు అనే పొలం ఆసామి గోడ కట్టాడు. పండగ కమిటీ వాళ్ళు గేటు దగ్గరే సాగనంపేద్దామన్నారు. పైడమ్మ వినలేదు. ఘటాన్ని ఇంటికి తిరిగి తెచ్చుకుని, దీపం పెట్టి, దీక్షలోనే ఉండిపోయింది. ఈలోగా రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయి. రైల్వే ఆసుపత్రిలో ఆపరేషను చేస్తామన్నారు. ఆసుపత్రి ఖరగ్‌పూర్‌లో ఉంది, ఆవిడ పొలిమేర దాటదు.

"డాక్టరు ఇంకా ఆలస్యం సేస్తే సేతిలో ఉండదన్నారు," అంది లక్ష్మి. "మా ఆయన పోనాడు. నేను డ్యూటీకెల్తే ఆవిడ తడుముకుంటా వొండుకుంటాది. మొన్న సెయ్యి కాల్సుకున్నాది."

తర్వాత సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. ఒకటి పాత డిక్రీ నకలు. డిక్రీ అంటే దావా తేలాక కోర్టు ఇచ్చే తీర్పు ఉత్తర్వు. గేంగు మేస్త్రి అప్పలస్వామి, అంటే పైడమ్మ భర్తకి తాత, బస్తీ వాళ్ళందరి తరఫునా వేసిన దావాలో వచ్చింది. అమ్మవారి గుడి నుంచి పొలిమేర దాకా ఉన్న దారిని ప్రతివాది, అంటే అప్పటి పొలం ఆసామి గానీ అతని వారసులు గానీ ఎన్నడూ అడ్డగించరాదని అందులో ఉంది. దీన్ని పర్మనెంట్ ఇంజంక్షన్ అంటాం, శాశ్వత నిషేధం. మిగతా డిక్రీలకి ఇన్నేళ్ళలోగా అమలు చేసుకోవాలన్న గడువుంటుంది గానీ దీనికి లేదు. ఎంత పాతదైనా బతికే ఉంటుంది.

రెండోది, పైడమ్మ పోరు పడలేక కమిటీ వాళ్ళు ఒక వకీలు చేత వేయించిన ఎగ్జిక్యూషన్ పిటిషను, డిక్రీని అమలు చేయించమని పెట్టుకునే దరఖాస్తు. మేదినీపూర్ కోర్టు దాన్ని వెనక్కి తిప్పింది. కారణం ఒక్క ముక్కలో ఉంది: స్థలం మా పరిధిలోది కాదు.

ఇక్కడ ఆ పరిధి కథ కొంచెం చెప్పాలి.

డిక్రీ ఇచ్చిన కోర్టు ఇప్పుడు లేదు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఇటు బెంగాల్ పల్లెల్లో చౌకీలుండేవి. చౌకి అంటే ఒక మున్సిఫు అధికారం నడిచే ప్రాంతం. చుట్టూ వరిపొలాలూ సాలవృక్షాల అడవీ, మధ్యలో పెంకుటి బంగళాలో కోర్టు, దాని చుట్టూ ప్లీడర్ల పాకలూ ఒక పూటకూళ్ళ ఇల్లూ. సంతరోజున జనం మూటలో అటుకులు కట్టుకుని నడిచి వచ్చేవారు, సంతా వాయిదా ఒకేసారి చూసుకోవచ్చని. ఆ కోర్టుల్లో ఎక్కువ భాగం శిస్తు దావాలే, జమీందారు రైతు మీద వేసేవి. జమీందారీలు రద్దయ్యాక ఆ దావాలు ఎండిపోయాయి. మా పైడమ్మ వాళ్ళ చౌకి ఇంకొన్నాళ్ళు ఈడ్చుకొచ్చింది. కప్పు కారింది, మున్సిఫు బదిలీ అయ్యాడు, కొత్తాయన రాలేదు. చివరికి చౌకిని రద్దు చేసి రెండు ముక్కలు చేశారు. పోలీసు స్టేషన్ల హద్దుని బట్టి పంచారు. ఆ భాగంలో ఆ హద్దు రైల్వే లైనే. లైనుకి ఉత్తరాన ఉన్నది మేదినీపూర్ సదరు కోర్టుకి, అంటే జిల్లా కేంద్రంలోని కోర్టుకి, దక్షిణాన ఉన్నది ఇంకో కోర్టుకి. కాగితాల కట్టలన్నీ లారీల్లో ఎక్కించి తలో కోర్టుకీ పంపారు. ఒక చౌకి చరిత్ర అంతే, రద్దు ఉత్తర్వులో పేజీన్నర.

కమిటీ వాళ్ళ పిటిషనులో దారి "రైల్వే లైనుకి దక్షిణం వైపు" ఉందని రాశారు. కాబట్టి సదరు కోర్టు తిప్పి పంపింది. దక్షిణం కోర్టులో వేసుకోవచ్చు కదా అంటారేమో. వేసుకోవచ్చు. కానీ స్థలం నిజంగా ఆ కోర్టు పరిధిలోది కాకపోతే, అది ఇచ్చే ఉత్తర్వు ఎప్పటికైనా చిత్తుకాగితం అవుతుంది. పరిధిని మేం జ్యూరిస్‌డిక్షన్ అంటాం. వంట ఎంత బాగా చేసినా వేరేవాళ్ళ పొయ్యి మీద చేస్తే అన్నం మనది కాదు.

"మీ అత్తని చూడాలి," అన్నాను.

"ఇక్కడికి రాదు మేడమ్."

"నేనే వస్తాను."

ఆదివారం వెళ్ళాను. పైడమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. బక్కమనిషి, డెబ్బైకి అటూ ఇటూ. కళ్ళలో తెల్లటి పొర దూరానికే కనిపిస్తోంది. మూల గదిలో ఘటం, దాని ముందు దీపం. నేను మాట్లాడగానే తల నా వైపు తిప్పింది.

"ఏ ఊరు పిల్లవమ్మా?"

"ట్రాఫిక్‌లో పుట్టాను పిన్నీ. మా వాళ్ళది టెక్కలి దగ్గర."

"అయితే మనోళ్ళే. నీకు సెప్తే అర్తమవతాది. అమ్మ ఏ దారిన వొచ్చినాదో ఆ దారినే ఎల్లాల. నడిమిట్లో దించేసి పొమ్మంటే, ఇంటికొచ్చిన సుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి తలుపేసినట్టు కాదా?"

"కమిటీ వాళ్ళు గేటే పొలిమేర అంటున్నారు కదా."

"ఆల్లకి లైను ఏడుంటే పొలిమేర ఆడే. లైను జరిగినాదని పొలిమేర జరుగుతాదా? నేను కాపరానికొచ్చినప్పుడు లైను ఇక్కడ నేదు."

ఆ మాట దగ్గర నేను కాగితాల కట్ట మూసేశాను. లైను జరగడం ఏమిటని లక్ష్మిని అడిగితే, తను పుట్టకముందెప్పుడో అక్కడ ఒక వంపు తీసేశారని విన్నానంది. బళ్ళ వేగం కోసం రైల్వే వాళ్ళు వంపులు సరిచేయడం మామూలే. ఆ చోట పాత లైను దక్షిణం వైపు విల్లులా వంగి ఉండేదట. కొత్త లైనుని నారిలా తిన్నగా లాగేశారు. విల్లుకీ నారికీ మధ్య మిగిలిన పొలంలోంచే అమ్మవారి దారి. చౌకిని పంచింది వంపు తీయకముందు. అంటే ఉత్తర్వులో ఉన్న లైను పాత లైను. ఆ పొలం ఇప్పటి లైనుకి దక్షిణం, పాత లైనుకి ఉత్తరం. కాబట్టి సదరు కోర్టుదే.

తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. రైల్వే మనిషికి లైను అంటే బండి నడిచేదే. పట్టా పీకేశాక మిగిలిన కట్ట లైను కాదు, వట్టి మట్టి. తరతరాలుగా పట్టాల మీద బతికినవాళ్ళు పట్టాలతో పాటే పొలిమేరని కూడా ఎత్తి కొత్తచోట పెట్టేసుకున్నారు. మా నాన్న ఉన్నా అదే చేసేవాడు. డప్పులు గేటు దగ్గర ఆగిపోవడం అలవాటైంది. గేటు దాటి, పొలంలోంచి పాత కట్ట దాకా ఘటంతో వెళ్ళేది పైడమ్మా, ఆవిడ వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళూ మాత్రమే.

కమిటీ పెద్ద సన్నాసిరావుగారిని కలిశాను. వర్క్‌షాపులో పనిచేసి రిటైరై బస్తీలోనే ఇల్లు కట్టుకున్నాడు. మంచి మనిషే గానీ ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయన సర్వీసు రూల్సులో లేదు.

"సూడమ్మా, ఆ గోడ కట్టకముందు హరేన్‌బాబు నా దగ్గరికొచ్చి అడిగినాడు. మీ మాత ఎందాకా ఎల్తాదీ అని. గేటు దాకా అని సెప్పినాను. ఠీక్ హై అని గోడ కట్టుకున్నాడు. ఇప్పుడు కాదంటే నా మాటకి ఇలువేటి?"

"బాబాయ్, మీ మాట విలువ కోసం ఆవిడ కళ్ళు పోవాలా?"

"నేను పొమ్మన్నానా ఏటి? ఆసుపత్రికెల్లమనే సెప్తన్నాను," అన్నాడు. గొంతులో మునుపటి బిగువు లేదు.

లక్ష్మి కోరిన కాగితం సంపాదించడం కష్టమేం కాదు. ఇరుపక్షాలూ కలిసి గేటే హద్దని రాసిస్తే కోర్టు దాని మీద ముద్ర వేస్తుంది. హరేన్‌బాబు సంతోషంగా సంతకం పెడతాడు. పైడమ్మ కోర్టు మాట విని, దీక్ష దించి, ఆపరేషను చేయించుకుంటుంది. ఆ దారి మాత్రం ఎప్పటికీ పోతుంది. ఈ సంగతి లక్ష్మికి దాచకుండా చెప్పాను, తేల్చుకోవలసింది ఆమే కాబట్టి. అసలు దారిన వెళ్తే ఎంతకాలం పడుతుందో చెప్పలేనని కూడా చెప్పాను. ఆమె జాకెట్టు మడతలు సర్దుకుంటూ కూర్చుంది.

"ఆవిడ తరవాత ఘటం ఎత్తాల్సింది నేనే మేడమ్," అంది చివరికి. "పొలిమేర మీదే అత్త కోడలికి ఇస్తాది. దొంగ పొలిమేర మీద తీసుకుంటే, రోజూ డ్యూటీకి ఆ గేటు దాటతానే, నాకెలాగుంటాది?"

సదరు కోర్టులోనే కొత్తగా పిటిషను వేశాను. హరేన్‌బాబు తరఫు వకీలు అనుభవమున్నవాడు. హద్దు ఇప్పటి లైనేనన్నాడు, డిక్రీ ముసలిదైపోయిందన్నాడు. కమిటీ పెద్దే గేటు దాకా అని చెప్పాక ఆ దారి అవసరమే లేదన్నాడు. నాకు కావలసింది పాత లైను ఎక్కడ నడిచిందో రుజువు. రైల్వే ఆఫీసుకి పాత ప్లాను కోసం రాశాను. అది ఎప్పుడొస్తుందో ఆ ఆఫీసుకే తెలియదు. సాక్షిగా పైడమ్మని పిలవాలి, ఆవిడేమో రాదు.

"రాకపోవడానికి కారణం?" అని అడిగింది జడ్జిగారు. చిన్నవయసు, మాట తక్కువ.

"పొలిమేర దాటకూడదు మేడమ్."

"పొలిమేర ఎక్కడో తేలడానికేగా ఆమె సాక్ష్యం?"

"అవును మేడమ్."

జడ్జిగారు పెన్ను కింద పెట్టింది. లోకల్ ఇన్‌స్పెక్షన్ కమిషన్ వేసింది. అంటే కోర్టు తరఫున ఒక వకీలు స్థలానికి వెళ్ళి, చూసి, అక్కడివాళ్ళ మాటలు రాసుకుని నివేదిక ఇస్తాడు. ఉత్తర్వు వచ్చేసరికి ఆ ఏటి పండగ దాటిపోయింది. పైడమ్మ ఘటం ఎత్తింది, గోడ దాకా వెళ్ళింది, తిరిగి తెచ్చుకుంది. ఆ రోజు నేను అక్కడ లేను. ఉండాలనిపించలేదు.

చలికాలం మొదట్లో ఆ వకీలు, అంటే కమిషనరు, వచ్చాడు. గోడకి హరేన్‌బాబు ఒక చిన్న ఇనపతలుపు పెట్టుకున్నాడు, కమిషనరు దాన్ని తెరిపించాడు. హరేన్‌బాబుకి యాభై ఉంటాయి, వడ్లమిల్లు నడుపుతాడు. వెనకటి రోజుల్లో పొలంలోంచి కోతకొచ్చిన పంట పోతుండేదట. గోడ అందుకే కట్టానని నాతో ఎంతో మర్యాదగా చెప్పాడు. నమ్మాను. అబద్ధం చెప్పేవాడు అంత వివరంగా చెప్పడు.

గేటు దగ్గర అవతలి వకీలు పైడమ్మని ఆపాడు. ఆయన హిందీలో అడిగాడు, ఆవిడకి హిందీ వచ్చు గానీ జవాబు తెలుగులోనే చెప్పింది. నేను మాట మార్చకుండా అనువదించాను.

"దీక్షలో పొలిమేర దాటకూడదన్నావు కదా?"

"దాటను."

"ఇప్పుడు లైను దాటి ఇవతలికి వచ్చావే?"

"రోజూ పొద్దున్న వొస్తాను. గోడ దాకా వొచ్చి, దండవెట్టి ఎల్తాను. ఇది దాటితే తప్పయితే మూడేళ్ళ బట్టీ రోజూ ఆ తప్పు సేస్తన్నానా?"

కమిషనరు ఆ మాట రాసుకున్నాడు. ఆవిడ హద్దు ఇప్పటి లైను కాదని ఆవిడ కాళ్ళే చెబుతున్నాయి.

తలుపులోంచి పొలంలోకి వెళ్ళాం. లక్ష్మి చెయ్యి పట్టుకోబోతే పైడమ్మ వద్దంది. గట్టు మీద పాదం జరుపుకుంటూ నెమ్మదిగా నడిచింది. పొలం చివర ఎత్తుగా ఒక మట్టి కట్ట, దాని మీద తుమ్మచెట్లు, అవతల హరేన్‌బాబు ఇల్లు. కట్ట మొదట్లో ఆవిడ ఆగింది. కట్ట మీద కాలు పెట్టలేదు.

"ఇందాకే," అంది.

"ఎవరైనా ఎక్కడైనా ఆగొచ్చు," అన్నాడు అవతలి వకీలు కమిషనరుతో. "ఈ కట్ట పాత లైనని చెప్పేది ఏముంది?"

చట్టప్రకారం ఆయన మాట సరే. ప్లాను రాలేదు. పట్టా లేదు, కంకర లేదు, పట్టాల కింది దిమ్మలు ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయారు.

అప్పుడు కట్ట అవతల నుంచి ఒక ముసలామె వచ్చింది. తెల్లచీర, నడుం వంగిపోయి ఉంది, చేతిలో ఇత్తడి లోటా. హరేన్‌బాబు "అమ్మా, నువ్వెందుకు వచ్చావు, పడిపోతావు," అంటూ ముందుకు వెళ్ళాడు. ఆవిడ పట్టించుకోలేదు. కట్ట ఎక్కి దిగి, తిన్నగా పైడమ్మ ముందుకి వచ్చి, లోటాలో నీళ్ళు ఆమె పాదాల మీద పోసింది.

పైడమ్మ ఉలిక్కిపడలేదు. "మాసీమా," అంది, బెంగాలీలో పిన్నీ అన్నట్టు.

"ఇన్నాళ్ళకా రావడం?" అంది ముసలామె బెంగాలీలో. "మీ మాత వచ్చే రోజున ఏటేటా నీళ్ళు పట్టి పెడుతూనే ఉన్నాను. డప్పులు వినిపిస్తాయి. ఎవరూ రారు."

మా ఎవరికీ ఈ సంగతి తెలియదు. పైడమ్మకి తెలుసు గానీ చెప్పాలని తోచలేదు. తర్వాత అడిగితే, "దారి పోయే అమ్మకి ఆ ఇంటి ఇల్లాలు నీల్లు పోస్తాది కదమ్మా, అదేటి సెప్పేది?" అంది. వాళ్ళ అమ్మవారు ఎల్ల దాటుతుంటే, ఎల్ల అవతలి ఇంటి కోడలు కాళ్ళు కడిగి పంపడం. మాసీమా అత్తగారు చేసిందట, ఆ తర్వాత ఈవిడ చేసింది. దావాలో ఓడిపోయిన ఇంటి ఆడవాళ్ళే గెలిచినవాళ్ళ దేవతకి నీళ్ళు పోస్తూ వచ్చారు. ఆ సంగతి డిక్రీలో ఉండదు.

కమిషనరు నెమ్మదిగా అడిగాడు. "మాసీమా, ఈ కట్ట ఏమిటి?"

"రైలుకట్ట. నేను పెళ్ళై వచ్చినప్పుడు బళ్ళు దీని మీదే పోయేవి. ఆరేసిన బట్టలన్నీ మసి. ఆ మసికి మా అత్త రైలుని తిట్టని రోజు లేదు."

అవతలి వకీలు అడ్డుపడ్డాడు. ఆవిడ సాక్షుల్లో లేదని, వయసు మీదపడిందని, ఆ మాటలు రాయకూడదని. చట్టంలో ఆయనకి కొంత బలం ఉంది. నేను నోరు తెరిచేలోగా హరేన్‌బాబు చెయ్యెత్తాడు.

"మా అమ్మ చెప్పింది రాయండి," అన్నాడు.

"హరేన్‌బాబూ, మీకు అర్థం కావడం లేదు, దీనితో కేసు..."

"అర్థమైంది. నేను వాళ్ళ కమిటీని అడిగాను. మా అమ్మని అడగలేదు. రాయండి."

ఆ మాటకి అతని మీద నాకు గౌరవం కలిగింది. ఇప్పటికీ ఉంది. కోర్టులో ఓడిపోయేవాళ్ళని రోజూ చూస్తాను. తమ నష్టం రాసుకోమని తామే చెప్పేవాళ్ళు అరుదు.

తర్వాతిది త్వరగానే నడిచింది. చౌకిని పంచిన లైను పాత లైనేనని, పిటిషను సదరు కోర్టు పరిధిలోదేనని జడ్జిగారు తేల్చింది. అమలు దాకా పోలేదు. గోడలో బండి పట్టేంత గేటు పెడతానని, అమ్మవారి దారికి ఎన్నడూ తాళం వేయనని హరేన్‌బాబు రాసిచ్చాడు, కోర్టు నమోదు చేసుకుంది. రైల్వే ప్లాను దీని తర్వాత వచ్చింది. మాసీమా చూపించిన చోటే వంపు గీసి ఉంది. దాన్ని ఫైల్లో పెట్టాను, అంతకుమించి దానికి పని లేకపోయింది.

2019 పండక్కి నన్ను పిలిచారు. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర డప్పులు అలవాటు కొద్దీ ఆగాయి. సన్నాసిరావుగారు ఒక నిమిషం పట్టాల వైపు చూసి, "ఏటి నిలబడిపోనారు, నడండి," అని తనే ముందు దాటాడు. అందరూ పొలంలోకి వచ్చారు.

కట్ట దగ్గర పైడమ్మ ఆగింది. అవతల నుంచి మాసీమా వచ్చింది, ఈసారి లోటా ఆవిడ చేతిలో లేదు. వెనక హరేన్‌బాబు భార్య పట్టుకుని నిలబడి ఉంది. ఇటు పైడమ్మ తలమీది ఘటాన్ని రెండు చేతులతో దించి లక్ష్మి తలమీద పెట్టింది. అటు మాసీమా కోడలి మోచెయ్యి పట్టుకుని ముందుకి తోసింది. కొత్త చేతులు, ఎన్ని నీళ్ళు పోయాలో తెలియక లోటా అంతా కుమ్మరించేసింది. లక్ష్మి చీర మోకాళ్ళ దాకా తడిసింది. ఇద్దరు ముసలివాళ్ళూ నవ్వుకున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి, దాన్ని దుమ్ము మీదకి నెట్టే ఉద్దేశం నాకు లేదు.

పైడమ్మకి ఒక కన్ను ఆలస్యానికి బలైంది. రెండోదానికి చూపు వచ్చింది. ఆపరేషనైన కొన్నాళ్ళకి లక్ష్మి పైడమ్మని నా ఛాంబరుకి తీసుకొచ్చింది. నన్ను ఎగాదిగా చూసి, "గొంతు ఇని సిన్నపిల్లవనుకున్నానమ్మా, తల నెరిసిపోనాదే," అంది. టీ తాగాక అసలు సంగతి చెప్పింది. "నన్ను ఒకసారి ఆ కోర్టుకి తీసుకెల్లు. మా ఇంటాయన తాతకి న్యాయం సేసిన కోర్టు. ఇన్నాళ్ళూ పొలిమేర దాటకూడదు కదా. ఇప్పుడు దండవెట్టుకుంటాను."

అక్కడ కోర్టు లేదు పిన్నీ అని చెప్పాలనుకుని, చెప్పలేదు. ఆటోలో తీసుకెళ్ళాను. పెంకుటి బంగళా సగం కూలింది, నిలిచిన సగంలో ఎరువుల బస్తాలు. వరండాలో గుర్రాన్ని కట్టే ఇనపకడియం ఒకటి గోడకి ఇంకా ఉంది. పైడమ్మ చెప్పులు విప్పి, మెట్టు మీద చెయ్యి పెట్టి కళ్ళకద్దుకుంది. కాపలావాడు బస్తా మీంచి లేచి వచ్చాడు.

"దీదీ, ఇక్కడ ఏ ఠాకూర్ ఉన్నాడు?" అని అడిగాడు నన్ను. ఠాకూర్ అంటే వాళ్ళకి దేవుడు.

అంతవరకూ నాకు జ్యూరిస్‌డిక్షన్ అంటే ఒక మ్యాపు మీది గీత, రద్దయిన కోర్టు అంటే పేజీన్నర ఉత్తర్వు. ఇప్పుడు ఎవరైనా హద్దు తగాదాతో వస్తే కాగితం తరవాత చూస్తాను. ముందు అడిగేది ఒకటే, హద్దుకి అవతల ఎవరుంటారమ్మా, వాళ్ళింటి ఆడవాళ్ళని ఎప్పుడైనా అడిగారా అని. ఆ కాపలావాడికి మాత్రం ఉన్నదే చెప్పాను.

"ఠాకూర్ కాదు," అన్నాను. "ఒక మున్సిఫు ఉండేవాడు. ఈవిడ దారిని అడ్డగించొద్దని చెప్పాడు."

"ఎప్పుడు?"

పైడమ్మ చెప్పులు తొడుక్కుంటూ, నా కోసం ఆగకుండా తనే జవాబిచ్చింది, హిందీలో. "అభీ భీ," అంది. ఇప్పటికీ.